కాక్స్ నమూనాలో పెళ్లి ప్రభావం అతిగా కనిపించడం: సమాధానం

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల తీరగ్రామాల మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్‌కు ఏ వయసులో తొలి వలస వెళ్తారో కాక్స్ నమూనాతో (ఒక సంఘటన జరగడానికి పట్టే కాలంపై వివిధ అంశాల ప్రభావాన్ని అంచనా వేసే గణాంక పద్ధతి) చూస్తే, పెళ్లయినవారు వెళ్లే అవకాశం దాదాపు లేదని వస్తోంది, ఎందుకని మీరు అడిగారు. దానికి కారణం ఆ మత్స్యకారుల జీవితం కాదు. వలస నాటి లేదా సర్వే నాటి వైవాహిక స్థితిని మీరు 15వ ఏటి నుంచే వర్తింపజేయడం. 25 ఏళ్లకు పెళ్లయి వివాహితుల గుంపులో చేరాలంటే అప్పటివరకు వలస వెళ్లకుండా ఉండి తీరాలి కనుక, ఆ పదేళ్లూ పెళ్లి ఖాతాలో అన్యాయంగా జమవుతున్నాయి.

1. తొలి వలసకు ముందే పెళ్లయిన ప్రతి వ్యక్తినీ పెళ్లి వయసు దగ్గర రెండు వరుసలుగా విడగొట్టండి. ఉదాహరణకు 25వ ఏట పెళ్లయి 31వ ఏట వలస వెళ్లినవారికి: 15–25 అవివాహితుడు, 25–31 వివాహితుడు. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లోని సర్వైవల్ ప్యాకేజీలో టీమెర్జ్ (tmerge) ఫంక్షన్ ఈ పని చేస్తుంది.
2. వలస సంఘటనను చివరి వరుసలోనే 1గా, మొదటి దానిలో 0గా ఉంచండి.
3. ఇంకా వెళ్లనివారిని తొలగించకండి. సర్వే నాటి వయసు వద్ద సెన్సార్ చేయండి, అంటే అప్పటివరకు వలస జరగలేదని మాత్రమే లెక్కించండి.

ఎక్కువమంది వదిలేసేది మరొకటి ఉంది. పెళ్లి, వలస ఒకే ఏట జరిగితే, ఒక వరుసలోని కాలవ్యవధి చివరి క్షణంలో జరిగిన సంఘటన ముందున్న స్థితికే చెందుతుంది కాబట్టి, ఏళ్లలో నమోదు చేసిన దత్తాంశంలో ఆ వలస అవివాహితుని లెక్కలోకి పోతుంది. కనుక నెలలు సేకరించండి. తేదీ గుర్తులేదనేవారిని 2014 అక్టోబరు హుద్‌హుద్ తుఫానుకు ముందా, 2018 అక్టోబరు తిత్లీ తుఫానుకు తరువాతా అని అడిగితే (సంక్రాంతి ఏటా వస్తుంది కనుక అది నెలకే ఆధారం, ఏడాదికి కాదు) క్రమం తేలుతుంది. అప్పటికీ తేలని కేసులను రెండు విధాలా (పెళ్లి ముందు అని ఒకసారి, వలస ముందు అని ఒకసారి) నడిపి, గుణకం ఎంత మారిందో నివేదించండి.