నెమ్ముకు చన్నీళ్లను తిట్టకండి, ముందు సాంబ్రాణి కుంపటి బయట పెట్టండి

ఎనిమిది నెలల బాబుకు రెండుసార్లు నెమ్ము (న్యుమోనియా) చేసింది, వంట గ్యాస్ మీదే, పెరుగు, అరటిపండు మానేశాం, ఇంకేం మానాలి అని అడిగారు. మానాల్సినవి వేరే ఉన్నాయి. పెరుగూ అరటిపండూ ఇవాళే మళ్లీ మొదలుపెట్టండి.

గ్యాస్ ఉంది సరే, స్నానానికి నీళ్లెక్కడ కాగుతున్నాయి? చాలా ఇళ్లలో పెరట్లో కట్టెల పొయ్యి మీదే, ఆ పక్కనే అమ్మమ్మ ఒళ్లో బిడ్డ. తమిళనాడు, గ్వాటెమాలా, పెరూ, రువాండా పల్లెల్లో గ్యాస్ పొయ్యిలిచ్చి చూసినా ఏడాదిలోపు పిల్లల్లో తీవ్రమైన నెమ్ము చెప్పుకోదగ్గంత తగ్గలేదు. సిలిండర్ ఒక్కటే కాపాడదు.

ఇక నీళ్లు పోసే తంతు. కాళ్ల మీద పడుకోబెట్టి ఒళ్లంతా నూనె, అదే వేలితో ముక్కులో రెండు చుక్కలు, గొంతులో వేలు పెట్టి కఫం తీయడం, తర్వాత తలుపులు బిగించి నిప్పుల మీద సాంబ్రాణి, పైన బోర్లించిన గంప, దాని మీద బిడ్డ. ఇందులో ఉంచుకోదగ్గది ఒంటికి రాసే నూనె ఒక్కటే. పొరపాటున నీళ్లు పోతే పొలమారి దగ్గొస్తుంది. నూనెకు అంత దగ్గు రాదు, చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి దిగి ఉండిపోతుంది. యాంటీబయాటిక్‌కు అది లొంగదు. రెండుసార్ల ఎక్స్‌రేలూ డాక్టరు ముందు పక్కపక్కన పెట్టి మచ్చ ఒకేచోట ఉందా అని అడగండి. ఉంటే నూనె, ఊపిరి గొట్టంలో ఇరుక్కున్న గింజ, టీబీ లాంటివి వెతకాలి. ముక్కు బిగిస్తే సెలైన్ చుక్కలు వేయండి, తల ఆరడానికి పొడి తువ్వాలు చాలు.

దోమల కాయిల్ కూడా తీసేయండి. ఒక్కటి పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని లెక్క కట్టారు. దోమతెర కట్టండి. బాల్కనీలో సిగరెట్ తాగొచ్చి బిడ్డను ఎత్తుకునే నాన్నల సంగతి మొదలెడితే తెల్లారుతుంది.

తిండిలో అసలు తప్పు పలచన. చారునీళ్ల అన్నంతో పొట్ట నిండుతుంది, బలం రాదు. చెంచా వంచితే జారిపోనంత చిక్కగా మెదిపిన పప్పన్నం, నెయ్యి, ఉడికించిన గుడ్డు, పూటకు 250 మి.లీ. కప్పులో సగం దాకా, రోజుకు రెండు మూడుసార్లు, తల్లిపాలు ఆపకుండా. దగ్గున్న రోజుల్లో కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి, తగ్గాక రెండు వారాలు ఒక పూట అదనం. పథ్యం పేరుతో మాడ్చకండి. బాగా చిక్కిన బిడ్డకు నెమ్ము చేసినా జ్వరం రాకపోవచ్చు, డొక్కలు కూడా ఎగరకపోవచ్చు, ఎగరేసే కండ ఉండదు కాబట్టి.

టీకా కార్డులో నెమ్ము రాకుండా వేసే న్యుమోకోకల్ టీకా 6, 14 వారాలవి పడ్డాయో లేదో చూడండి. 9 నెలల బూస్టర్ మీకు వచ్చే నెలే, ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా)తో పాటే.

బాబు నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్లో గడియారం పెట్టి నిండు నిమిషం ఊపిరి లెక్కించండి. అర నిమిషం లెక్కించి రెండింతలు చేయొద్దు, పసివాళ్ల ఊపిరి ఒకే తీరుగా పడదు. ఈ వయసులో 50, ఏడాది దాటాక 40 వచ్చినా డాక్టరుకు చూపించాల్సిందే. డొక్కలెగరేస్తున్నా, పాలు పట్టకపోయినా, లేపితే లేవకపోయినా ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లండి, దగ్గు సిరప్ కోసం మందుల షాపుకు కాదు.