ఒంగోలు మార్కెట్ కూరగాయల మీద బూజు ఏదో ఎలా గుర్తుపట్టాలి?

డిగ్రీ ప్రాజెక్టు కోసం ఒంగోలు మార్కెట్లో కుళ్ళిన టమాటాలు, ఉల్లిపాయలు, పండుమిర్చి తెచ్చాను, ఏ ఫంగసో ఎలా చెప్పాలి అని అడిగారు కదా. కంటితోనే కొంత తెలుస్తుంది. టమాటా నీరుగారి, దూదిలాంటి బూజు మీద గుండుసూది తలల్లా నల్ల చుక్కలుంటే రైజోపస్ అనుకోవచ్చు. ఉల్లి పొర కింద మసిలాంటి పొడి ఉంటే ఆస్పర్‌జిల్లస్ నైగర్. మిర్చి మీద గుంటపడిన మచ్చ, అందులో వలయాలు, నారింజ రంగు జిగురు ఉంటే కొల్లెటోట్రైకమ్. బూజు లేకుండా జిగటగా కంపు కొడుతుంటే చాలావరకు బాక్టీరియానే, తొందరపడి ఫంగస్ అని రాసెయ్యకండి.

అక్కడితో ఆగొద్దు. కుళ్ళు నడిమధ్యలో తర్వాత వచ్చి చేరిన బూజులు చాలా ఉంటాయి, అందుకే మంచి భాగం, చెడిన భాగం కలిసే అంచున చిన్న ముక్క కోసి, పైనున్న క్రిములు చావడానికి 1 శాతం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్) ద్రావణంలో ఒక నిమిషం ముంచి, స్టెరైల్ నీళ్ళతో రెండు మూడు సార్లు కడిగి, పీడీఏ (పొటాటో డెక్స్‌ట్రోజ్ అగార్, ఫంగస్ పెంచే జెల్లీలాంటి మాధ్యమం) ప్లేటు మీద పెట్టి 25-28 డిగ్రీల్లో 5-7 రోజులు ఉంచండి. మన ఎండాకాలంలో ప్లేట్లు బల్ల మీద వదిలేస్తే లాభం లేదు, ఇంక్యుబేటర్ కావాల్సిందే. రైజోపస్ అయితే రెండు రోజుల్లోనే ప్లేటంతా కమ్మేస్తుంది. మూతలు మాత్రం ఊరికే తెరవకండి, బూజు నుంచి లేచే స్పోర్ల (ఫంగస్ విత్తనాల్లాంటి కణాల) పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

తర్వాత ప్లేటులో పెరిగిన ఫంగస్ కొంచెం తీసి, లాక్టోఫినాల్ కాటన్ బ్లూ (ఫంగస్‌కు నీలం రంగు పట్టించే ద్రవం) వేసి మైక్రోస్కోప్‌లో చూడండి. అరటికాయలా వంగిన స్పోర్లు ఫ్యుజేరియంవి, అడ్డంగా నిలువుగా గోడలున్న గదలాంటివి ఆల్టర్నేరియావి. ఆ కల్చర్ (ప్లేటులో పెంచిన ఫంగస్) మంచి కాయకు ఎక్కించినప్పుడు అదే కుళ్ళు వచ్చి, అందులోంచి మళ్ళీ అదే ఫంగస్ దొరికితేనే రిపోర్టులో పేరు రాయండి.