ఒమొటోలా జలాదే ఎకెయిండే నిజంగా 300 సినిమాలు చేసిందా? ఆమె గురించి ఎక్కడ మొదలుపెట్టి తెలుసుకోవాలి?

నైజీరియా నటి ఒమొటోలా గురించి మీరు అడిగినవి రెండు: 300 సినిమాల లెక్క నిజమేనా అనేది, ఎక్కడ మొదలుపెట్టాలి అనేది. యువత కోసం ఆమె ఏం చేసిందో కూడా చెప్తాను. ముందు లెక్క సంగతి చూద్దాం, ఎక్కువమంది తప్పులో కాలేసేది అక్కడే.

1990ల్లో, 2000ల్లో నాలీవుడ్ (నైజీరియా సినీ పరిశ్రమ) సినిమా చాలామటుకు థియేటర్‌కి వచ్చేది కాదు. మొదట వీహెచ్ఎస్ క్యాసెట్‌గా, తర్వాత వీసీడీగా (వీడియో సీడీ) నైజీరియా నగరం లేగోస్‌లోని ఇడుమోటా, అలబా మార్కెట్లలో అమ్ముడయ్యేది. ఒక వీసీడీలో 74 నుంచి 80 నిమిషాలకు మించి పట్టదు. కథ పొడుగైతే పార్ట్ 1, పార్ట్ 2 అని విడివిడి కవర్లలో వేసి అమ్మేవాళ్లు. కొనేవాళ్లు రెండుసార్లు డబ్బు పెట్టాలి కాబట్టి వాటిని తీసి అమ్మే మార్కెటర్లకు కూడా అదే లాభం. నెట్‌లోని జాబితాల్లో ఈ పార్టులు కొన్నిచోట్ల విడి సినిమాలుగా ఎక్కాయి. యూట్యూబ్‌లోనేమో పాత సినిమాకి కొత్త పేరు తగిలించి పెట్టేవాళ్లున్నారు. కాబట్టి మీరు జాబితా రాసుకుంటుంటే పేరొక్కటే చూడకండి. దర్శకుడు, సంవత్సరం, పక్కన నటించినవాళ్లు, ఈ మూడూ కలిస్తే అది ఒకే సినిమా. పెళ్లికి ముందు ఆమె పేరు ఒమొటోలా జలాదే, ఎకెయిండే భర్త ఇంటిపేరు. రెండు రకాలుగానూ వెతకండి.

అలాగని ఆ అంకె ఒట్టి గాలిమాట కాదు. ఆ రోజుల్లో షూటింగు పది పదిహేను రోజుల్లో ముగిసేది, ఒక తార ఏడాదిలో చాలా సినిమాలు చేయడం అక్కడ మామూలే. ఆమె చాలా ఎక్కువ సినిమాలు చేసిందనేది ఖాయం, అంకెను మాత్రం పట్టుకు వేలాడొద్దు.

ఒమొటోలా 1978 ఫిబ్రవరి 7న లేగోస్‌లో పుట్టింది. కుటుంబానిది ఒండో ప్రాంతం, యొరుబా జాతివాళ్లు. తండ్రి కారు ప్రమాదంలో పోయేనాటికి ఆమె ఇంకా చిన్నపిల్ల, వెనక ఇద్దరు తమ్ముళ్లు. డబ్బు కోసమే మోడలింగ్‌లోకి వచ్చింది. స్నేహితురాలికి తోడుగా ఆడిషన్‌కి వెళ్లి, 1995లో తొలి సినిమా తనే దక్కించుకుంది. 1996లో, 18 ఏళ్లకే, పైలట్ మాథ్యూ ఎకెయిండేని పెళ్లి చేసుకుంది. సినిమాలు చేస్తూనే యాబా కాలేజ్ ఆఫ్ టెక్నాలజీలో ఎస్టేట్ మేనేజ్‌మెంట్ చదివింది.

ఆమెను నిలబెట్టింది 1996లో వచ్చిన 'మోర్టల్ ఇన్హెరిటెన్స్'. అందులో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బుతో పోరాడే అమ్మాయి పాత్ర ఆమెది. నైజీరియాలో ఆ కథ ఎందుకు అంతగా తాకిందో తెలియాలంటే ఒక లెక్క తెలియాలి: తల్లీ తండ్రీ ఇద్దరూ 'ఏఎస్' (జబ్బు లేకున్నా ఆ జన్యువు ఒకటి మోసేవాళ్లు) అయితే, పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అందుకే అక్కడ పెళ్లి మాటల్లో జీనోటైప్ (ఆ జన్యువుల రకం) ఏమిటని అడుగుతారు, ఇద్దరూ ఏఎస్ అని తేలితే సంబంధాలు ఆగిపోతాయి. మన ఏజెన్సీ గిరిజన ప్రాంతాల్లోనూ ఈ జబ్బు ఉంది కాబట్టి మనవాళ్లకీ ఆ బాధ కొత్త కాదు. మీరు చూడటం మొదలుపెట్టాల్సింది ఈ సినిమాతోనే అని నా గట్టి అభిప్రాయం. తర్వాత 2010 నాటి 'ఇజే' చూడండి. అందులో మరో నాలీవుడ్ తార జెనెవీవ్ నాజీ కూడా ఉంది. వీడియో కాలం దాటి నాలీవుడ్ థియేటర్ వైపు ఎలా మళ్లిందో ఆ రెండింటి మధ్య తేడాలో కనిపిస్తుంది.

మధ్యలో 2005లో 'గ్బా' అనే పాటల ఆల్బమ్ ఉంది. ఆ రోజుల్లోనే పారితోషికం ఎక్కువ అడుగుతున్నారని మార్కెటర్లు పెద్ద తారలు కొందరికి కొంతకాలం సినిమాలు ఇవ్వకుండా ఆపేశారు, ఆ జాబితాలో ఆమె కూడా ఉంది. నిర్మాణానికి డబ్బు పెట్టేది, సరుకు అమ్మేది ఒకరే అయినప్పుడు నటులకు మరో తలుపు ఉండదు. ఆ పరిస్థితిలోనే ఆమె ఆల్బమ్ వచ్చింది.

యువత విషయానికొస్తే, ఒమొటోలా యూత్ ఎంపవర్‌మెంట్ ప్రోగ్రామ్ ఆమె సొంతంగా పెట్టింది. పిల్లల్ని, యువకుల్ని వందల్లో పోగుచేసి నడకలు, సదస్సులు జరిపేది. దీన్ని ఐరాస పనితో కలిపేయకండి, రెండూ వేరు. 2005లో ఆమె ఐరాస ప్రపంచ ఆహార కార్యక్రమానికి రాయబారి అయింది, సియెరా లియోన్, లైబీరియా వెళ్లింది. మానవ హక్కుల సంస్థ అమ్నెస్టీ ఇంటర్నేషనల్ ప్రచారాలు మరొకటి. 2013లో టైమ్ పత్రిక ప్రపంచంలో ప్రభావం చూపే 100 మంది జాబితాలో పేరొచ్చింది, ఆ ఏడాది మన ఆమిర్ ఖాన్ కూడా అందులో ఉన్నాడు. 2014లో నైజీరియా ప్రభుత్వం ఎంఎఫ్ఆర్ (మెంబర్ ఆఫ్ ది ఆర్డర్ ఆఫ్ ది ఫెడరల్ రిపబ్లిక్) బిరుదు ఇచ్చింది. 2018లో ఆస్కార్ అకాడమీ సభ్యత్వానికి పిలుపు వచ్చింది. దాన్ని 'ఆస్కార్ గెలిచింది' అని రాసేవాళ్లున్నారు, అది తప్పు. సభ్యులు ఓటేస్తారు, అంతే.

దర్శకురాలిగా ఆమె మొదటి సినిమా 'మదర్స్ లవ్', టొరంటో సినిమా ఉత్సవంలో వేశారు. దొరికితే అది చివర్లో చూడండి.