నడుముకు సూదులు సరే, షుగర్ మాత్రలు మాత్రం మానొద్దు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 54 ఏళ్లు. చాలాకాలంగా నడుము నొప్పి. స్కాన్ చూసి, వయసుతో వచ్చిన అరుగుదలే, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. నొప్పి మాత్రలు వేసుకుంటే కడుపులో మంట. మా తోడికోడలి మాట విని ఆక్యుపంక్చర్‌కి వెళ్లాను. కొంచెం తేలిగ్గానే ఉంది. అయితే సూదులు వేసే ఆయన, దీంతో షుగర్ కూడా పోతుంది, మాత్రలు ఆపేయమంటున్నారు. మా అబ్బాయేమో ఇదంతా భ్రమ అంటాడు. షుగర్ మాత్రలతో పాటు గుండె కోసం రక్తం పలచబడే మాత్ర కూడా వాడుతున్నాను. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు షుగర్ మాత్రలు మానకండి. ఇప్పటికే ఆపేసి ఉంటే ఈ రోజే మీ డాక్టర్‌కి ఫోన్ చేయండి. మీ ఉత్తరంలో నాకు టెన్షన్ తెప్పించింది ఆ సలహా ఒక్కటే. సూదులతో షుగర్ మాత్రలు మానేయవచ్చని చూపే నమ్మదగ్గ ఆధారం లేదు. షుగర్ పెరిగినా వెంటనే ఏమీ తెలియదు. తెలిసేసరికి కళ్లో, కిడ్నీలో, పాదాల నరాలో దెబ్బతిని ఉంటాయి. మందు తగ్గించాలన్నా, ఆపాలన్నా హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) చూసి మీ డాక్టరే చెప్పాలి.

ఇక నడుము సంగతి. నేను నొప్పుల విభాగంలో పనిచేసే డాక్టర్‌ని. సూదులు నేను వేయను గానీ, మీలాంటి కొందరిని నేనే వేయించుకోమని పంపుతుంటాను. ఎందుకంటే, చాలాకాలంగా నడుము నొప్పి ఉన్న 1,162 మంది మీద జర్మనీలో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2007లో వచ్చాయి. కొందరికి చైనా పద్ధతిలో సూదులు వేశారు. కొందరికి ఆ పద్ధతి చెప్పే సూది బిందువులు కాని చోట, పైపైన గుచ్చారు. మిగతావాళ్లకు మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలలకు చెప్పుకోదగ్గ మేలు కనిపించింది మొదటి గుంపులో 47.6 శాతం మందికి, రెండో గుంపులో 44.2 శాతం మందికి, మూడో గుంపులో 27.4 శాతం మందికి.

ఈ అంకెలు మీ అబ్బాయికి కూడా చూపించండి. సూది ఎక్కడ గుచ్చినా దాదాపు ఒకే ఫలితం వచ్చింది కాబట్టి అతని అనుమానం సగం న్యాయమే. తగ్గుతుందన్న నమ్మకం, మన బాధను ఒకరు ఓపిగ్గా పట్టించుకోవడం, అరగంట కదలకుండా పడుకోవడం, ఇవన్నీ ఆ మేలులో ఉన్నాయి. కానీ అంతా భ్రమేనంటే నేను ఒప్పుకోను. 39 పరిశోధనల్లోని 20,827 మంది వివరాలు కలిపి 2018లో లెక్కగట్టినప్పుడు, ఉత్తుత్తి సూదులకన్నా అసలు సూదులకు కొంచెం ఎక్కువ గుణం కనిపించింది. తేడా చిన్నదే, కానీ ఉంది. శరీరంలో ప్రాణశక్తి నాళాలు ఉన్నాయన్న పాత వివరణకు మాత్రం అనాటమీలో ఆధారం దొరకలేదు. సూది గుచ్చినప్పుడు నరాలు స్పందిస్తాయి, నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లు విడుదలవుతాయి. నాకు నమ్మశక్యంగా ఉన్న వివరణ ఇది.

కాబట్టి నడుముకు కొనసాగించండి. ఎంతకాలం అంటే, అమెరికాలో ముఖ్యంగా పెద్దవయసువారికి ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా, మెడికేర్, పెట్టుకున్న కొలత నాకు సబబుగా తోస్తుంది. తగ్గని నడుము నొప్పికి 90 రోజుల్లో 12 సిట్టింగుల వరకు ఇస్తారు. గుణం కనిపిస్తేనే ఇంకో ఎనిమిది. లేకపోతే ఆపేస్తారు. కడుపు మంట పెట్టే మాత్రలు తగ్గించుకోగలిగితే అదే మీకు పెద్ద లాభం. వాటి బదులు ఏం వాడొచ్చో మీ డాక్టర్‌ని అడగండి. నడక, నడుముకు సంబంధించిన వ్యాయామాలు మాత్రం వదలొద్దు.

రక్తం పలచబడే మాత్ర వాడుతున్నట్టు సూదులు వేసే ఆయనకు చెప్పారా? తప్పకుండా చెప్పాలి. సూది తీశాక ఆ చోట కాసేపు నొక్కి పట్టుకోవాలి. లోతుగా గుచ్చనివ్వకండి. మీ ఎదుటే సీలు విప్పిన, ఒక్కసారి వాడి పారేసే సూదులే ఉండాలి. వీపు పైభాగంలో, ఛాతీ మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడ్డ సందర్భాలు ఉన్నాయి. అరుదే అయినా, సిట్టింగ్ తర్వాత ఆయాసం వస్తే ఇంటికి వెళ్లి పడుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారి ఉంటే అక్కడ సూదులు వద్దనండి. పుండు పడినా మీకు తెలియదు.

మూత్రం మీద అదుపు తప్పినా, కాలు బలహీనపడినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా సూదుల కోసం ఆగొద్దు. అది అత్యవసరం.

ప్రశ్న: మా అక్కకు కీమో నడుస్తోంది. మణికట్టు దగ్గర సూది వేస్తే వాంతులు తగ్గుతాయట, నిజమేనా?

జవాబు: కొంతవరకు నిజమే. 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ కూర్చోబెట్టిన నిపుణుల బృందం కూడా కీమో వాంతుల విషయంలో ఆక్యుపంక్చర్ పనిచేస్తుందని ఒప్పుకుంది. మణికట్టు లోపలి వైపు గీత నుంచి మోచేతి వైపుగా, మీ అక్క వేళ్లతోనే మూడు వేళ్ల వెడల్పు కొలిచి, రెండు నరాల్లా తగిలే స్నాయువుల మధ్య చూడండి. బొటనవేలితో కాసేపు నొక్కినా కొందరికి వికారం తగ్గుతుంది. సూదే వేయించాలనుకుంటే ముందు క్యాన్సర్ డాక్టర్‌ని అడగండి. ప్లేట్‌లెట్లు, తెల్ల రక్తకణాలు పడిపోయి ఉన్నప్పుడు వద్దు. వాంతుల మాత్రలు ఎప్పటిలాగే వేసుకోవాలి.