కాంట్రాక్టర్‌కి ఇన్సూరెన్స్ ఉందంటే మన ఇంటికి ఉన్నట్టేనా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది పర్లాకిమిడి. పాత పెంకుటిల్లు తీసేసి డాబా కట్టిస్తున్నాం, ప్లాన్ బరంపురం ఆర్కిటెక్ట్ గారిది, పని పాతపట్నం కాంట్రాక్టర్‌ది. తిత్లీ తుపానుకి మా వీధిలో సగం కట్టిన గోడలు పడిపోతే ఇంటివాళ్ళే మళ్ళీ కట్టుకున్నారు, ఆ భయం మాకుంది. కాంట్రాక్టర్‌ని అడిగితే "నాకు ఇన్సూరెన్స్ ఉందమ్మా" అని ఫోన్లో ఏదో కాగితం చూపించాడు. అది చాలా?

జవాబు: చాలదమ్మా. ముందు ఆ పాలసీ మొత్తం మీ వాట్సాప్‌కి పంపించమనండి. ఎక్కువమంది చూపించేది వర్కర్ల పాలసీ, సెంట్రింగు మీంచి కూలీ పడితే పరిహారం వచ్చేది. అది ఉండి తీరాలి, పాపం వాళ్ళ ప్రాణాలతో పని, కానీ గాలికి మీ గోడ కూలితే అందులోంచి పైసా రాదు.

కట్టే పనికి వేరేది ఉంటుంది, కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ అని. తుపాను, వరద, అగ్ని, సామాను దొంగతనం అందులోకి వస్తాయి, థర్డ్ పార్టీ భాగం కూడా తీసుకుంటే మీ పనివల్ల పక్కింటికి జరిగే నష్టం కూడా. కాంట్రాక్టర్ పేరుతో పాటు ఓనర్‌గా మీ పేరూ వేయించండి, సైటు అడ్రస్ మీదేనా, మొత్తం ఖర్చుకి తీసుకున్నాడా, గడువు ఎప్పటిదాకా అన్నది చూడండి, పని లేటైతే పొడిగించాలి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ అక్టోబర్లోనే వచ్చాయి కాబట్టి పునాది తవ్వకముందే తీసుకోండి. ప్రీమియం ఎవరు కట్టాలో అగ్రిమెంట్లో రాయించండి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తా, సిమెంటు తక్కువేసి పాడుచేసిన స్లాబ్‌ని మళ్ళీ వేసే ఖర్చు ఈ పాలసీ ఇవ్వదు. దానికి మీ దగ్గర కొంత బిల్లు ఆపుకుని, ఒక వానాకాలం చూశాకే ఇస్తామని ముందే రాసుకోవడం మేలు. రెరా, అంటే రియల్ ఎస్టేట్ చట్టంలో అయిదేళ్ళ హామీ ఉంది కదా అంటారు కొందరు, అది బిల్డర్ దగ్గర ఫ్లాటో ఇల్లో కొన్నవాళ్ళకి, మీలా సొంత జాగాలో కట్టించుకునేవాళ్ళకి కాదు.

ప్లాన్‌లోనే తప్పుంటే ఆర్కిటెక్ట్ గారి ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ చూడాలి, అంటే తన పనిలో పొరపాటువల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి ఆయన తీసుకునే బీమా. క్లెయిమ్ వేసే రోజుకి అది నడుస్తూ ఉండాలి, ప్లాన్ గీసిన రోజు ఉంటే సరిపోదు, అందుకని ఇల్లయ్యాక కూడా కొన్నేళ్ళు రెన్యూ చేస్తారా అని మర్యాదగానే అడగండి, మంచి ఆర్కిటెక్ట్ ఏమీ అనుకోరు. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ నంబరు కూడా తీసుకోండి.

ఇల్లు పూర్తయ్యాక కాంట్రాక్టర్ పాలసీ ఆగిపోతుంది, అప్పుడు మీ పేరు మీద భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా తీసుకోండి, 2021 నుంచి సాధారణ బీమా కంపెనీలు ఇస్తున్నాయి, తుపాను నష్టం అందులో ఉంది.