బండి బాగోగులు: పెద్ద కాలిపర్ కొనే ముందు

ప్రశ్న: నా దగ్గర మొదటి తరం మజ్దా ఎంఎక్స్-5 కారు ఉంది, 1.6 లీటర్ల ఇంజిన్. టర్బో పెట్టించాను, పవర్ దాదాపు రెట్టింపయింది. కొండదారిలో కాస్త గట్టిగా దిగుతుంటే నాలుగైదు మలుపులు అయ్యేసరికి బ్రేక్ పెడల్ మెత్తబడి కిందికి పోతోంది. కాసేపు ఆపితే మళ్ళీ మామూలే. ఆరు పిస్టన్ల కాలిపర్లు (ప్యాడ్లని డిస్కు మీద అదిమే భాగాలు), పెద్ద డిస్కులు ఉన్న కిట్ ఒకటి చూసి పెట్టుకున్నాను. దాంతోపాటు కాయిలోవర్లు (స్ప్రింగు, షాకబ్జరు కలిసి ఉండే సెట్లు), లావు యాంటీ రోల్ బార్లు (మలుపులో బండి ఒరగకుండా ఆపే కడ్డీలు) కూడా ఒకేసారి వేయించేద్దామని ఉంది. ఎప్పుడైనా ట్రాక్‌కి తీసుకెళ్తాను, మిగతా రోజుల్లో ఆఫీసుకీ ఇదే బండి. ఏ కిట్ తీసుకోమంటారు?

జవాబు: ఏ కిట్టూ వద్దు, ఇప్పుడే వద్దు. రోగం ఏమిటో మీ ఉత్తరంలో మీరే రాశారు, మందు మాత్రం వేరే రోగానిది అడుగుతున్నారు.

బ్రేకులు వేడికి పట్టు తప్పడం రెండు రకాలుగా ఉంటుంది. పెడల్ రాయిలా గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా బండి ఆగకపోతే అది డిస్కుని రాసుకుని ఆపే ప్యాడ్ల సంగతి, వాటి హద్దు దాటి వేడెక్కాయన్నమాట. పెడల్ స్పాంజిలా మెత్తబడి నేలదాకా పోతే బ్రేక్ ఆయిల్ మరుగుతోంది. మరిగిన ఆయిల్‌తో కాలిపర్ లోపల ఆవిరి బుడగలు పుడతాయి, ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది, ఇక మీ కాలి బలమంతా ఆ బుడగల్ని నలపడానికే సరిపోతుంది. చల్లారితే ఆవిరి తిరిగి ద్రవమైపోతుంది కాబట్టి మీకు "మళ్ళీ మామూలే" అనిపిస్తోంది. దయచేసి ఆ మామూలుని నమ్ముకుని ఇంకో కొండ దిగకండి.

అంతకంటే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. బండి చల్లగా ఉన్నప్పుడు, నిలబెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి పెడల్‌ని గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. పెడల్ మెల్లగా కిందికి జారిపోతుంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే భాగం) లోపలి సీల్ పోయిందో, ఎక్కడో ఆయిల్ కారుతోందో, అలాంటప్పుడు అప్‌గ్రేడ్ మాట పక్కన పెట్టి బండిని లాగించుకుని వెళ్ళి రిపేర్ చేయించండి.

జారకపోతే ఆయిల్ దగ్గరికి వద్దాం. ఆఖరిసారి ఎప్పుడు మార్పించారో మీరు రాయలేదు, రాయలేదంటేనే నాకు అనుమానం. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది, నీరు చేరేకొద్దీ త్వరగా మరుగుతుంది. డాట్ అంటే బ్రేక్ ఆయిల్ గ్రేడు, ప్రమాణం ప్రకారం కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, అదే 3.7 శాతం నీరు చేరాక 140 దాకా తట్టుకుంటే చాలు. డాట్ 4కి 230, 155. డాట్ 5.1కి 260, 180. అంటే రెండు మూడేళ్ళు మార్చని డాట్ 4 కంటే నిన్న పోసిన డాట్ 3 నయం కావచ్చు. డాట్ 5 అని విడిగా ఒకటుంది, అది సిలికాన్ రకం, మిగతావాటితో కలవదు, డబ్బా మీద 5 తర్వాత చుక్కా ఒకటీ ఉన్నాయో లేదో చూసుకుని కొనండి. ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళకి 300 డిగ్రీలు దాటి తట్టుకునే డాట్ 4 రకాలు కూడా దొరుకుతాయి, వాటిని ఇంకా త్వరత్వరగా మార్చుకోవాలి.

ఇక వేడి లెక్క. ఇది తెలిస్తే ఏది కొనాలో సగం మీకే తేలిపోతుంది. మీతో కలిపి బండి 1,100 కిలోలు అనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆపాలంటే సుమారు 4.2 లక్షల జౌళ్ళ శక్తిని బ్రేకులు వేడిగా మార్చాలి. 150 నుంచి ఆపాలంటే 9.5 లక్షలు, ఎందుకంటే వేగం ఒకటిన్నర రెట్లయితే శక్తి రెండుంబావు రెట్లవుతుంది. అందులో 65 శాతం ముందు చక్రాల మీద పడుతుందనుకుని, ముందు డిస్కులు రెండూ కలిపి 8 కిలోలు అనుకుంటే, 100 నుంచి ఒక్కసారి ఆపితే డిస్కులు 75 డిగ్రీలు వేడెక్కుతాయి, 150 నుంచి అయితే 170. చల్లారే వ్యవధి లేకుండా నాలుగుసార్లు వరసగా ఆపితే ఏమవుతుందో మీరే వేసుకోండి. మీ టర్బో చేసింది ఇదే, ఒక మలుపుకీ ఇంకో మలుపుకీ మధ్య మీరు అందుకునే వేగాన్ని పెంచింది, చల్లారే టైంని తగ్గించింది. మీ బండిలో ముందు డిస్కులు 235 మిల్లీమీటర్లవి, ఫ్యాక్టరీ ఇంజిన్ పవర్‌కి అవి సరిపోయాయి.

అందుకని నా వరస ఇది. ముందు మంచి ఆయిల్ పోసి నాలుగు చక్రాల దగ్గరా బ్రేక్ గొట్టాల్లో చేరిన గాలి తీయించండి, ఆ రబ్బరు గొట్టాలు పాతబడి పగుళ్ళిస్తే మార్చేయండి, స్టీలు అల్లిక ఉన్నవి వేసుకుంటే పెడల్ కాస్త గట్టిగా తగులుతుంది కానీ బండి ఆగే దూరం వాటివల్ల తగ్గదు. తర్వాత ప్యాడ్లు. ఆఫీసుకి పోయే బండి కదా, పూర్తి రేసు ప్యాడ్లు వేయకండి, అవి వేడెక్కితేనే పట్టుకుంటాయి, పొద్దున్నే ఇంటి సందు చివర పిల్లాడు అడ్డమొస్తే చల్లటి ప్యాడ్ మీకు సాయం రాదు. వీధికీ అప్పుడప్పుడూ ట్రాక్‌కీ పనికొచ్చే మధ్యరకం ఉంటాయి, కీచుమంటాయి, చక్రాల మీద నల్లటి పొడి పోస్తాయి, భరించండి. అప్పటికీ చాలకపోతే మీ బండికి తర్వాత వచ్చిన 1.8 మోడల్ బ్రేకులు పెట్టుకోవచ్చు, ముందు 255 మిల్లీమీటర్ల డిస్కులు, 14 అంగుళాల చక్రాల్లోనే పడతాయి. ముందూ వెనకా రెండూ కలిపి మార్చండి, అప్పుడు రెండిటి మధ్య బ్రేక్ బలం పాళ్ళు చెడవు.

ఆ పాళ్ళ కోసమే ఆరు పిస్టన్ల కిట్ అంటే నాకు భయం. కాలిపర్‌లో ఒక వైపున్న పిస్టన్ల మొత్తం వైశాల్యం పెరిగితే అదే మాస్టర్ సిలిండర్‌తో వాటిని కదిలించడానికి ఎక్కువ ఆయిల్ తోయాలి, పెడల్ లోతుకి పోతుంది. పైగా ముందు చక్రాల బ్రేక్ బలం ఒక్కసారి పెరిగి, వెనక చక్రాలు పనిలేకుండా కూర్చుంటాయి, ముందువి త్వరగా జారిపోతాయి, ఇంత ఖర్చు పెట్టాక బండి ఆగే దూరం పెరిగినా ఆశ్చర్యం లేదు. పిస్టన్లు ఎన్ని అని కాకుండా ఒక వైపున్న పిస్టన్ల మొత్తం వైశాల్యం మీ పాత కాలిపర్ పిస్టన్‌కి దగ్గరగా ఉందా అని అడగండి, అమ్మేవాళ్ళు ఆ అంకె చెప్పలేకపోతే వదిలేయండి. కాలిపర్ తగులుతోందని చక్రాలు, చక్రాల కోసం టైర్లు మార్చడం మాత్రం చెప్పు కోసం కాలు కోసుకోవడమే.

సస్పెన్షన్ సంగతి. అన్నీ ఒకేసారి వేస్తే ఏది మేలు చేసిందో, ఏది చెడగొట్టిందో ఎప్పటికీ తెలియదు. పాత బండి కాబట్టి సస్పెన్షన్ కీళ్ళలో ఉండే రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్లు ముందు చూపించండి, బుష్‌లు సాగిపోయిన బండికి కాయిలోవర్లు వేయడం పునాది కదులుతున్న ఇంటికి రంగు వేయించడమే. రబ్బరు బుష్‌లు కొత్తవి వేసినప్పుడు, బండి చక్రాల మీద మామూలు ఎత్తులో నిలబడి ఉండగానే వాటి బోల్టులు చివరి బిగింపు బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చిరిగిపోతుంది. చాలా చోట్ల ఈ పని తప్పుగానే చేస్తారు, పక్కన నిలబడి చూసుకోండి. తర్వాత మంచి షాకబ్జర్లు, ఓ మోస్తరు స్ప్రింగులు, అలైన్‌మెంట్. యాంటీ రోల్ బార్లు అన్నిటికంటే చివర. బార్ బిగువు దాని మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది, 22 మిల్లీమీటర్ల బార్ తీసి 25 వేస్తే చూడ్డానికి మూడు మిల్లీమీటర్లే, బిగువు మాత్రం 67 శాతం ఎక్కువ. ముందు ఒక్కటే లావు చేస్తే మలుపులో బండి ముక్కు బయటికి పోతుంది, వెనక ఒక్కటే చేస్తే తోక ఊపుతుంది, మీది వెనక చక్రాలు తోసే బండి, పైగా టర్బో, వానలో ఆ తోక సంగతి గుర్తుంచుకోండి.

ప్రశ్న: నాది ముందు చక్రాలు తిప్పే చిన్న హ్యాచ్‌బ్యాక్. గట్టిగా బ్రేక్ వేస్తే ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా బ్రేక్‌ని వదిలి పట్టే ఏర్పాటు) వెంటనే కొట్టుకుంటుంది. పెద్ద డిస్కులు వేస్తే ఆగే దూరం ఎంత తగ్గుతుంది?

జవాబు: తగ్గదు. ఏబీఎస్ పనిచేసిందంటే ఉన్న బ్రేకులకే టైరుని జారించేంత బలం ఉందని అర్థం. ఆ డబ్బు టైర్ల మీద పెట్టండి. వరసగా పదిసార్లు ఆపాల్సిన ట్రాక్ మీదైతే పెద్ద డిస్కులకి అర్థం ఉంది, అది వేడి మోయడం కోసం.

ప్రశ్న: మా బండిని ఓ రెండంగుళాలు దించాలని ఉంది. షాకబ్జర్లు బాగానే ఉన్నాయి, స్ప్రింగులు రెండు చుట్లు కోయించేస్తే చాలు అని మా అన్నయ్య అంటున్నాడు. నిజమేనా?

జవాబు: మీ అన్నయ్యగారి మీద గౌరవం ఉంచుకునే చెబుతున్నాను, వద్దు. స్ప్రింగు కోస్తే మిగిలిన చుట్లు తక్కువయ్యి బిగువు పెరుగుతుంది, అది ఎంత పెరిగిందో ఎవరూ కొలవరు. చక్రం గాల్లోకి లేచినప్పుడు పొట్టిదైన స్ప్రింగు తన చోటు నుంచి తప్పుకునే ప్రమాదం ఉంది. ఫ్యాక్టరీ షాకబ్జరు ఆ బిగువుకి తగ్గట్టు చేసింది కాదు, బండి ఒక గుంత దాటాక రెండు మూడుసార్లు ఊగుతుంది, కొన్నాళ్ళకి షాకబ్జర్ల పని అయిపోతుంది.

కోయకుండా పొట్టి స్ప్రింగులు కొన్నా రెండంగుళాలు ఎక్కువే. అంత దించితే షాకబ్జరు కిందికి కదిలే చోటు దాదాపు అయిపోయి, బండి ఎప్పుడూ లోపలి రబ్బరు స్టాపర్ మీదే కూర్చుంటుంది. మలుపు మధ్యలో ఆ స్టాపర్ తగిలిందంటే ఆ మూల స్ప్రింగు ఒక్కసారిగా పదిరెట్లు గట్టిపడ్డట్టే, టైరు పట్టు వదిలేస్తుంది. ఇంకో చిత్రం వినండి. మెక్‌ఫర్సన్ స్ట్రట్ (షాకబ్జరే చక్రాన్ని నిలబెట్టే ఏర్పాటు) ఉన్న బండ్లలో బాగా దించితే చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్‌ల కోణం మారి, రోల్ సెంటర్ అనే బిందువు, అంటే మలుపులో బండి దేని చుట్టూ ఒరుగుతుందో అది, బండి బరువు కేంద్రం కంటే ఎక్కువగా కిందికి దిగిపోతుంది. రెండిటి మధ్య దూరం పెరిగేకొద్దీ మలుపులో బండిని ఒరిగించే బలం పెరుగుతుంది. ఒరగకూడదని దించితే ఒరిగే గుణమే పెరిగిందన్నమాట, అసలుకే ఎసరు.

అంగుళం లోపు దించండి, ఆ స్ప్రింగులకి జోడీగా చేసిన షాకబ్జర్లతో కలిపి కొనండి, వేశాక కచ్చితంగా అలైన్‌మెంట్ చేయించండి. ఎత్తు మారితే క్యాంబర్ (చక్రం నిలువు నుంచి ఒరిగే కోణం), టో (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగే కోణం) రెండూ మారతాయి, అందులో టైరుని త్వరగా తినేది టో. హెడ్‌లైట్ల ఎత్తు కూడా సరిచేయించండి, అది అందరూ మర్చిపోతారు. మీరుండే చోట దించిన బండికి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఒప్పుకుంటాయో లేదో స్ప్రింగు కొనకముందే అడగడం మంచిది.

ప్రశ్న: స్నేహితుడి బండికి మిల్లీమీటరుకి 10 కిలోల స్ప్రింగులు (ఒక మిల్లీమీటరు నలగాలంటే 10 కిలోల బరువు పడాలి) ఉన్నాయి, చాలా బాగుంది. నా బండి వేరే మోడల్, అవే వేయించుకున్నాను, నడుం విరిగిపోతోంది. స్ప్రింగులు నకిలీవా?

జవాబు: స్ప్రింగులు అసలువే అయ్యుంటాయి. స్ప్రింగు మీద రాసిన అంకె చక్రం దగ్గర అలాగే అందదు. చక్రం 10 మిల్లీమీటర్లు కదిలితే స్ప్రింగు 7 మాత్రమే నలిగే బండిలో, ఆ అంకెని 0.7తో రెండుసార్లు గుణించాలి, చక్రం దగ్గర 10 కిలోలది 4.9 అవుతుంది. స్ట్రట్ ఉన్న బండిలో ఆ నిష్పత్తి 0.95 దాకా ఉండొచ్చు, అక్కడ అదే స్ప్రింగు 9 అవుతుంది. మీ స్నేహితుడి బండి మొదటి రకం, మీది రెండోది అని నా ఊహ. సగం బిగువున్న స్ప్రింగులకి వెళ్ళండి, షాకబ్జర్లు కూడా వాటికి తగ్గట్టు మార్పించుకోవాల్సి రావచ్చు.

ప్రశ్న: కాయిలోవర్ల మీద షాకబ్జరు బిగువు మార్చడానికి 32 క్లిక్కులు ఉన్నాయి. గట్టిగా పెడితే స్పోర్టీగా ఉంటుందని పూర్తిగా బిగించాను. గతుకుల మలుపులో బండి పక్కకి గెంతుతోంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ ఉండాల్సిందే. షాకబ్జరు మరీ గట్టిగా ఉంటే చక్రం గతుకుని అనుసరించి దిగలేదు, గాల్లో ఉన్న టైరుకి పట్టు ఎక్కడిది? పూర్తిగా వదులు చేసి, మీకు బాగా తెలిసిన ఒకే రోడ్డు మీద, నాలుగేసి క్లిక్కులు బిగిస్తూ నడిపి చూడండి. గతుకు దాటాక బండి ఊగడం ఎక్కడ ఆగిపోతుందో అక్కడ ఆపేయండి. ముందు ఎన్ని, వెనక ఎన్ని అని కాగితం మీద రాసుకోండి, రాయకపోతే వారం తర్వాత మళ్ళీ మొదటికొస్తారు.

ప్రశ్న: బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోంది. డిస్కులు వంకర పోయాయి, చిల్లులున్న కొత్తవి వేసుకోమన్నారు.

జవాబు: చాలాసార్లు డిస్కు వంకర పోదు, ప్యాడ్ పదార్థం దాని మీద కొన్నిచోట్ల మందంగా అంటుకుంటుంది. బాగా వేడెక్కిన బ్రేకుల్ని సిగ్నల్ దగ్గర తొక్కి పట్టుకుని నిలబడితే సరిగ్గా ఇదే జరుగుతుంది. డిస్కు మందం, హబ్ (డిస్కు కూర్చునే భాగం) మీద తుప్పు చూపించండి, హద్దులో ఉంటే శుభ్రం చేయించి, ప్యాడ్ల కంపెనీ చెప్పిన పద్ధతిలో ప్యాడ్లని డిస్కుకి మళ్ళీ అలవాటు చేయించండి. మామూలుగా గంటకు 80 కిలోమీటర్ల నుంచి 20 దాకా ఓ ఎనిమిది పదిసార్లు, పూర్తిగా ఆపకుండా వేగం తగ్గించి, తర్వాత బ్రేక్ ముట్టుకోకుండా పది నిమిషాలు నడిపి చల్లార్చడం. ఖాళీ రోడ్డు మీద చేయండి. చిల్లుల డిస్కులు అందంగా ఉంటాయి, ట్రాక్ మీద ఆ చిల్లుల దగ్గరే పగుళ్ళు మొదలవుతాయి. గాట్లు పెట్టినవో, నున్నటివో తీసుకోండి.