ఎమ్మెల్యే ఆఫీసులో ఇంటర్న్‌షిప్, మొదటి రోజు ఏం పని ఉంటాది?

కర్నూల్లో ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసులో ఇంటర్న్‌షిప్ దొరికింది, సోమవారం నుంచి రమ్మన్నారు, ముందే రాజకీయాల గురించి ఏమన్నా చదువుకోవాల్నా అని అడిగినావు కదా తమ్ముడూ. నేను డిగ్రీలో ఉన్నప్పుడు ఇట్లాంటి ఆఫీసులోనే చేసినా. రాజకీయం సంగతి తర్వాత, ముందు అర్జీ రాయడం నేర్చుకో.

పొద్దున్నే నువ్వు పోయేసరికే జనం వచ్చి కూర్చోనుంటారు. చదువుకున్న పిల్లోడు వచ్చినాడంటే పీఏ గారు తీసుకపోయి బయట టేబుల్ దగ్గర కూర్చోబెడతారు, అంతే. తిరుమల బ్రేక్ దర్శనానికి లెటర్ కావాలనేటోళ్లు, ట్రాన్స్‌ఫర్ సిఫారసుకొచ్చిన ఉద్యోగులు, పెండ్లి కార్డు ఇచ్చిపోయేటోళ్లు, వీళ్లందరినీ ఆయనే చూసుకుంటారు. నీ దగ్గరికి వచ్చేది పింఛను ఆగిపోయినోళ్లు, పొలం ఆన్‌లైన్లో ఇంకొకరి పేరు మీద ఎక్కినోళ్లు, ఆసుపత్రి బిల్లులు పట్టుకొచ్చినోళ్లు.

నా మొదటి రోజు పడమటి పల్లెల నుంచి ఒకామె వచ్చింది. మొగుడూ పెండ్లాలు మిరపకాయ కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి పోయినారు, ఆయనకు అక్కడ ఒళ్లు బాగలేక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించి అప్పు చేసి బిల్లు కట్టినారు. "నాయనా, ఇవన్నీ యాడ ఇయ్యాలో చెప్పు, తిరిగీ తిరిగీ కాళ్లు పడిపోయినాయి" అని ఒక బట్టలషాపు కవరు నా ముందర పెట్టింది, దాంట్లో మందుల రసీదులు మడతలు పడి కొన్నిట్లో అంకెలు చెరిగిపోతా ఉన్నాయి. ఆ రోజు ఆ రసీదులన్నీ తేదీల ప్రకారం పేర్చి, జిరాక్స్ తీయించి, సీఎం రిలీఫ్ ఫండ్‌కి అప్లికేషన్ రాసినా. ఆమె వేలిముద్ర వేసేటప్పుడు చూసినా, మిరపకాయలు తెంచీ తెంచీ వేళ్లు గరుకు తేలిపోయినాయి. అట్లాంటోళ్లకు రేషను మిషన్లో వేలిముద్ర పడకపోయేది కూడా ఉంటాది, అది కూడా అడిగి రాసుకో.

రిలీఫ్ ఫండ్ పని నీకు రోజూ తగుల్తాది కాబట్టి ఇది గుర్తుపెట్టుకో, వైద్యం అయిపోయినాక అయితే ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్ పెట్టాలి. ఆపరేషన్ ఇంకా కాలేదంటే ఎల్ఓసీ, అంటే ఖర్చుకు ప్రభుత్వం ఆసుపత్రికి ముందే ఇచ్చే హామీ లెటర్ అడగాలి, అది వేరే దారి, దానికి ఆసుపత్రి ఇచ్చిన ఎస్టిమేట్ కావాల. ముందు ప్రభుత్వ ఉచిత వైద్యం పథకం ఎన్టీఆర్ వైద్య సేవలో ఆ జబ్బు వస్తాదా లేదా అని తప్పకుండా అడుగు. పేర్లు ఒకటికి రెండుసార్లు చూడు, మనవైపు ఆధార్లో ఈరన్న అని ఉంటాది, ఆసుపత్రోళ్లు వీరన్న అని రాసుంటారు, ఫైలు అమరావతి దాకా పోయి అదొక్కదానికే ఎనక్కొస్తే వాళ్లకెంత కష్టం చెప్పు. ఒరిజినల్స్ ఇచ్చేముందు జిరాక్స్ సెట్ వాళ్ల చేతిలో పెట్టాల్సిందే.

భూమి గొడవలైతే సర్వే నంబరు, పొలం ఖాతా నంబరు, 1బి కాగితం (ఎవరి పేరు మీద ఎంత భూమి ఉందో చూపించే రెవెన్యూ రికార్డు) చూడు. అంతకన్నా ముందు ఏ మండలమో అడుగు. 2022 ఏప్రిల్లో నంద్యాల వేరే జిల్లా అయినాక డోన్, ఆత్మకూరు వైపోళ్లు అలవాటు కొద్దీ ఇప్పటికీ కర్నూలుకే వస్తాంటారు, వాళ్ల అర్జీ పోవాల్సింది నంద్యాల కలెక్టరేట్‌కి. సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు కదా, అక్కడ ఇచ్చినోళ్ల దగ్గర రసీదు నంబరు ఉంటే అది అర్జీ పైన రాయి, లేకపోతే ఆఫీసర్లు మళ్లీ మొదటికొస్తారు.

ఇంకొక్క మాట, "అయిపోతాదిలే అవ్వా" అని మాత్రం ఎవురికీ చెప్పొద్దు. ఎమ్మెల్యే లెటర్ రాస్తారు, ఫోన్ చేస్తారు, సంతకం పెట్టేది తహసీల్దారో ఎంపీడీవోనో. నీ మాట నమ్ముకుని వాళ్లు ఊర్లో ఇంకో అప్పు చేస్తారు. కాగితం ఏ ఆఫీసుకు పోతాదో, మళ్లీ ఎప్పుడు కనుక్కోవాలో చెప్పు, ఫోన్ నంబరు రాసుకో, వాళ్లకు ఫోన్ లేకుంటే ఊర్లో ఎవరిదన్నా నంబరు తీసుకో.